చెరువు అడిగే ప్రశ్న, వైవా అడిగే ప్రశ్న

నెల్లూరు జిల్లాలో ఏటా వేసవి మొదట్లో రెండు రకాల పుస్తకాలు తయారవుతాయి. ఒకటి బీటెక్ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు రిపోర్టు. గట్టి అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల నలుగురైదుగురి హాల్‌టికెట్ నంబర్లు. రెండోది కృష్ణపట్నం ఓడరేవుకు దగ్గర్లో ఉన్న ముత్తుకూరు మత్స్య కళాశాలలో బీఎఫ్ఎస్సీ చివరి ఏడాది విద్యార్థులు రాసే పని రికార్డు. ఊరి సర్వే, చెరువు లెక్కలు, హేచరీలోనో ప్రాసెసింగ్ ప్లాంటులోనో చేసిన పని వివరాలు అందులో ఉంటాయి. నాలుగేళ్ళు నేర్చుకున్న విద్యను వృత్తిలో పెట్టి చూపించమని అడగడమే రెంటి ఉద్దేశం. మార్కులు పడ్డాక రెండూ బీరువా ఎక్కుతాయి.

బీరువా ఎక్కిన పుస్తకాల మీద విమర్శ ఎందుకని అడగొచ్చు. ఒక యువకుడో యువతో తాను ఎంచుకున్న వృత్తి గురించి రాసే మొదటి పెద్ద రచన ఇదే. చాలామందికి ఆఖరిది కూడా ఇదే. కవిత్వానికీ కథకూ ఉన్నట్టే దీనికీ వస్తువు, శిల్పం, భాష ఉన్నాయి. ఊహించుకున్న పాఠకుడూ ఉన్నాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకే తీరంలో ఒకే వయసు పిల్లలు రాసిన ఈ పుస్తకాలు ఎందుకు అంత వేరుగా ఉన్నాయో తెలుస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. చివరి ఏడాది పని నిజమైనదో కాదో తేల్చడంలో విద్యార్థి తెలివి కన్నా, గైడు శ్రద్ధ కన్నా పెద్ద పాత్ర మరొకరిది. "ఇది నాకు పనికిరాదు" అని మొహం మీద చెప్పగల మనిషి కళాశాల బయట ఒకరు ఉన్నారా లేరా అన్నదే అసలు ప్రశ్న.

వస్తువు ఎవరిచ్చారు

బీటెక్ ప్రాజెక్టుకు వస్తువు సాధారణంగా శీర్షికగా పుడుతుంది. సీనియర్ల జాబితా నుంచో, గైడు ఇచ్చిన పట్టీ నుంచో, ఐఈఈఈ పత్రికలో అచ్చయిన ఏదో వ్యాసం నుంచో వస్తుంది. ఆ వ్యాసాన్ని బేస్ పేపర్ అంటారు. కంప్యూటర్ సైన్స్ శాఖలో కొన్నేళ్ళపాటు లైబ్రరీ మేనేజ్‌మెంటు, హాస్పిటల్ మేనేజ్‌మెంటు రాజ్యమేలాయి. తర్వాత వాటి స్థానాన్ని గుండె జబ్బు ముందే చెప్పడం, దొంగ వార్తలు పట్టడం, క్రెడిట్ కార్డు మోసాలు గుర్తించడం ఆక్రమించాయి. జట్టులో నలుగురికీ ఏదీ తోచకపోతే హైదరాబాదు అమీర్‌పేట ఉండనే ఉంది. శీర్షిక, కోడు, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ కలిపి అమ్మే కేంద్రాల గురించి తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగు చదివినవాళ్ళెవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కొనని విద్యార్థులు చాలామంది ఉన్నారు. కానీ కొన్న రిపోర్టుకూ కొనని రిపోర్టుకూ పైకి తేడా కనిపించకపోవడమే విమర్శకుడికి ఆసక్తి కలిగించే విషయం. శిల్పం అంత గట్టిగా బిగుసుకుపోయింది.

ముత్తుకూరు వైపు వస్తువు వేరే దారిన వస్తుంది. 1991లో మొదలైన ఆ కళాశాల మొదట వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద, తర్వాత తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2015 జులైలో 'స్టూడెంట్ రెడీ' అనే కార్యక్రమాన్ని ప్రారంభించాక, వ్యవసాయానికీ దాని అనుబంధ శాఖలకూ చెందిన చాలా డిగ్రీల్లో చివరి ఏడాది స్వరూపం దాని చుట్టూ కుదురుకుంది. పల్లెలో ఉండి పని నేర్చుకోవడం, పరిశ్రమలో శిక్షణ, సొంతంగా ఒక యూనిట్ నడిపి లాభనష్టాలు చూడటం అందులో భాగాలు. సొంత యూనిట్లో లాభం వస్తే విద్యార్థులకు వాటా ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. మత్స్య విద్యలో ఆ యూనిట్ రంగు చేపల పెంపకం కావచ్చు, సీడ్ ఉత్పత్తి కావచ్చు, రైతుల చెరువుల్లో జబ్బులు, నీళ్ళు పరీక్షించి చెప్పే ఆక్వా క్లినిక్ కావచ్చు.

ఇక్కడ వస్తువును శీర్షికగా ఎంచుకునే వీలు తక్కువ. పంపిన ఊళ్ళో ఏ జబ్బు ఉంటే అదే వస్తువు. వైట్ గట్ అనే రొయ్యల జబ్బు తగిలిన చెరువు దగ్గరికి వెళ్ళినవాడు తనకు ఇష్టమైన వైరస్ గురించి రాయలేడు. ఎంపిక చేసుకునే స్వేచ్ఛ తగ్గడం వల్ల రచన పాడవుతుందని మనం అనుకుంటాం. ఇక్కడ దానివల్లే మెరుగైంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది

రెండు పుస్తకాల్లోనూ కేంద్రం ఒక అంకె. బీటెక్ రిపోర్టులో అది అక్యురసీ శాతం. రొయ్యల చెరువు రికార్డులో సగటు బరువు, దాని నుంచి లెక్కగట్టిన కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ఈ రెండు అంకెల కథను విడివిడిగా చెబితేనే అసలు తేడా బయటపడుతుంది.

క్రెడిట్ కార్డు మోసాల ప్రాజెక్టులు చాలావాటికి మూలం ఒకే పట్టిక. యూరప్ కార్డుదారులు 2013 సెప్టెంబరులో రెండు రోజుల్లో జరిపిన 2,84,807 లావాదేవీలు అందులో ఉన్నాయి. వాటిలో మోసాలు 492. గోప్యత కోసం 28 నిలువు గడులను గణితంతో మార్చేసి, పేర్లు తీసేసి, వి1, వి2 అంటూ అంకెలతో వదిలేశారు. అంటే ఏ గడి దేని గురించో రాసేవాడికి తెలియదు. అడిగేవాడికీ తెలియదు. సరే, అది పట్టిక ఇచ్చినవాళ్ళ అవసరం. అసలు చిక్కు అంకెలో ఉంది. ఏమీ నేర్చుకోని ఒక ప్రోగ్రాము ప్రతి లావాదేవీకీ కళ్ళు మూసుకుని "మోసం లేదు" అని చెప్పిందనుకోండి. అది 99.83 శాతం సార్లు ఒప్పే అవుతుంది. ఒక్క దొంగనూ పట్టకుండానే. కాబట్టి ఈ పట్టిక మీద "మా పద్ధతి అక్యురసీ 99 శాతం" అని రాసిన రిపోర్టు ఏమీ చెప్పనట్టే. 492లో ఎన్ని పట్టింది, పట్టినవాటిలో ఎన్ని నిజంగా దొంగవి అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. వాటిని అడిగే ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చే పరీక్షకుడు, ఉంటే మంచిదే. అడగకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. మార్కులు పడతాయి. ఏ బ్యాంకూ డబ్బు పోగొట్టుకోదు. ఎందుకంటే ఏ బ్యాంకూ ఆ రిపోర్టును చూడదు.

ఇప్పుడు చెరువు లెక్క. వనామీ రొయ్యల చెరువులో మేత రోజూ ఎంత వేయాలో తేలాలంటే లోపల ఎన్ని రొయ్యలున్నాయో, ఒక్కొక్కటి ఎంత బరువుందో తెలియాలి. నీళ్ళలో ఉన్నవాటిని లెక్కపెట్టలేం. విసురు వల వేసి, పడినవాటిని తూచి, సగటు తీసి అంచనా కడతారు. ఉదాహరణకు మూడు లక్షల పిల్ల వదిలిన చెరువు అనుకుందాం. ఎనభై శాతం బతికాయని లెక్కవేస్తే 2,40,000 రొయ్యలు. సగటు 10 గ్రాములైతే వంద కౌంటు, మొత్తం 2,400 కిలోలు. బరువులో మూడు శాతం మేత అంటే రోజుకు 72 కిలోలు. నిజానికి బతికింది అరవై శాతమే అయితే చెరువులో ఉన్నది 1,800 కిలోలు, వేయాల్సింది 54. అంటే రోజూ 18 కిలోల మేత తినేవాళ్ళు లేక అడుగున కుళ్ళుతుంది. వల ఎప్పుడూ చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం) పక్కనే వేస్తే మేతకు ముందుగా చేరే పెద్ద రొయ్యలే పడతాయి, సగటు బరువూ పెరిగి కనిపిస్తుంది. రెండు తప్పులూ కలిస్తే అడుగు నల్లబడుతుంది, అమ్మోనియా పెరుగుతుంది, తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోతుంది. పెట్టుబడిలో సగానికి మించి మేతకే పోయే వ్యాపారం అది.

గణితం దృష్టితో చూస్తే రెండూ ఒకే జాతి తప్పులు. అక్కడ మోసాలు అరుదు కాబట్టి శాతం మోసం చేసింది. ఇక్కడ వల వేసిన చోటు వల్ల సగటు మోసం చేసింది. అయితే చెరువులో జరిగిన తప్పు నాలుగు రోజుల్లో చెక్ ట్రేలో మిగిలిన మేతగా తేలుతుంది. వారంలో రైతు నోటికి వస్తుంది. "కౌంటు ఎంతన్నావు అబ్బయా, వల ఎక్కడేశావు?" అని గట్టు మీద అడిగే మనిషి, పరీక్షల విభాగం నియమించకుండానే వచ్చిన ఎక్స్‌టర్నల్. అతనికి ప్రశ్నాపత్రం అక్కర్లేదు. ఆ అంకె తప్పయితే నష్టం అతనిది.

పుస్తకంలో కాలం, ఓటమి

శిల్పం సంగతికి వద్దాం. బీటెక్ రిపోర్టులో అధ్యాయాల వరస దాదాపు మారదు. పరిచయం, లిటరేచర్ సర్వే, ఎగ్జిస్టింగ్ సిస్టమ్, ప్రపోజ్డ్ సిస్టమ్, యూఎంఎల్ బొమ్మలు, టెస్టింగ్, స్క్రీన్‌షాట్లు, కంక్లూజన్, ఫ్యూచర్ స్కోప్. ఎగ్జిస్టింగ్ సిస్టమ్ ఈ కథలో ప్రతినాయకుడు. దానికి ఒక్క సుగుణమూ ఉండదు. ప్రపోజ్డ్ సిస్టమ్‌కు ఒక్క దోషమూ ఉండదు. టెస్టింగ్ అధ్యాయంలో పట్టిక వేస్తారు. వరస తర్వాత వరస, చివరి గడిలో పాస్, పాస్, పాస్. ఎప్పుడు మొదలుపెట్టారో, మధ్యలో ఏది ఆడలేదో, ఏ దారి వదిలి ఏ దారి పట్టారో ఎక్కడా ఉండదు. తేదీ ఒక్క చోటే కనిపిస్తుంది, సర్టిఫికెట్ పేజీలో. కాలం లేని రచన ఇది. కాలం లేనిచోట ఓటమికి చోటుండదు. ఓటమి లేని పుస్తకం చదివి వృత్తి గురించి ఏమీ నేర్చుకోలేం. ఏ ఆఫీసులోనైనా ప్రోగ్రామరు రోజులో ఎక్కువ భాగం ఆడనిదాన్ని ఆడించడంలోనే గడుపుతాడు కదా.

చెరువు రికార్డుకు వెన్నెముక తేదీ. పిల్ల వదిలిన రోజు నుంచి ఎన్నో రోజు అన్నదే మొదటి గడి. తర్వాత పూటపూటకూ వేసిన మేత, చెక్ ట్రేలో మిగిలింది, పీహెచ్, ఉప్పదనం, డీఓ (నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు), సగటు బరువు, చచ్చినవి. ఆ చివరి గడి ముఖ్యం. నమూనాలోనే చావుకు ఒక గడి ఉన్న రచన అది. అమావాస్యకూ పున్నమికీ రొయ్య గుల్ల విడిచే వేళల్లో ఆ గడి అంకె పెరిగినా, వాన పడి ఉప్పదనం మారినా పుస్తకం దాచలేదు. వనామీ పంట వంద నుంచి నూట ఇరవై రోజులు. ఒక సెమిస్టరూ దాదాపు అంతే. పంట మొదలు నుంచి పట్టుబడి దాకా ఒక చెరువును వెంబడించిన విద్యార్థి పుస్తకంలో ఆది, మధ్యం, అంతం వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. వాటిని రైతు, వాతావరణం, మార్కెట్టు కలిసి రాస్తాయి.

భాషలోనూ ఈ తేడా ఉంది. ఇద్దరూ ఇంగ్లీషులోనే రాస్తారు. బీటెక్ వాక్యాల్లో పనిచేసినవాడు మాయమవుతాడు. డిజైన్ చేయబడింది, అమలు చేయబడింది, పరీక్షించబడింది. ఎవరు చేశారో, ఎవరికోసం చేశారో ఉండదు. ముత్తుకూరు పుస్తకంలో ఇంగ్లీషు మధ్యన ఊరిపేర్లు, చెరువు విస్తీర్ణం, రైతు చెప్పిన ధర, ఏరేటర్ల సంఖ్య దిగుతాయి. వ్యాకరణం తడబడినా ఆ వాక్యాల వెనక ఒక చోటు కనిపిస్తుంది. ఆ చోటే లేకుండా చేసిన బీటెక్ రిపోర్టును నెల్లూరు నుంచి నాగపూరుకు మార్చినా ఒక్క అక్షరం దిద్దక్కర్లేదు.

ముత్తుకూరును మరీ పొగడకుండా

ఇక్కడితో ఆపితే విమర్శ ఏకపక్షమవుతుంది. ముత్తుకూరు విద్యార్థుల స్టూడెంట్ రెడీ రికార్డుకూ దాని అచ్చు ఉంది. ఊరి వనరుల పటం ముగ్గుపిండితో నేల మీద వేస్తారు. రైతులను కూర్చోబెట్టి సమస్యలకు ర్యాంకులు ఇప్పిస్తారు. ప్రదర్శన జరిపి, బ్యానరు కట్టి, ఫొటో తీస్తారు. ఈ అంశాలు ఏటా అవే కాబట్టి పాత రికార్డు చూసి కొత్త రికార్డు రాసే వీలు అక్కడా ఉంది. బ్యానరు ఫొటో బీటెక్ స్క్రీన్‌షాటుకు తోబుట్టువు. రెండూ పని జరిగిందని చూపిస్తాయి, పని ఏం చేసిందో చూపవు.

రైతు విద్యార్థిని ఎక్కువసార్లు అతిథిగానే చూస్తాడు. చెరువు అతనిది, అప్పు అతనిది, నిర్ణయం అతనిది. విద్యార్థి చెప్పిన మేత లెక్క ఆ రోజు పాటించాలా వద్దా అన్నది అతని ఇష్టం. పాటించకపోతే విద్యార్థి లెక్క తప్పో ఒప్పో ఎప్పటికీ తేలదు. సొంత యూనిట్ నడిపే భాగానికి ఉన్న విలువ ఇక్కడే. అందులో లాభంతోపాటు నష్టం కూడా విద్యార్థుల లెక్కలోనే తేలుతుంది.

ఇంకో చిక్కు పెద్దగా చర్చకు రాదు. చెరువులో ప్రాణవాయువు అట్టడుగుకు పడేది తెల్లవారే ముందు. రాత్రంతా నాచు కూడా గాలి పీల్చుకుంటుంది కాబట్టి. పుస్తకంలోని అతి ముఖ్యమైన అంకె ఆ వేళకే దొరుకుతుంది. అమ్మాయిలు ఆ వేళకు చెరువు గట్టుకు చేరాలంటే బస, బండి, తోడు ఎవరో ఒకరు ఏర్పాటు చేయాలి. చేయనిచోట ఆ గడిని ఉదయం పది గంటల అంకెతోనో, కాపలా మనిషి చెప్పిన అంకెతోనో నింపడం తప్ప ఆ విద్యార్థినికి దారి లేదు. ఇది ఆమె బద్ధకం వల్ల వచ్చిన లోపం అనలేం. కార్యక్రమాన్ని రూపొందించినవాళ్ళు ఆ అంకె ఏ వేళ పుడుతుందో ఆలోచించకపోవడం వల్ల వచ్చింది.

అన్నిటికన్నా లోతైన లోపం వినేవాడి ఎంపికలో ఉంది. రెడీ రికార్డు రైతు మాట వింటుంది. చెరువు పక్కవాడి మాట వినదు. నెల్లూరు తీరానికి ఈ విషయంలో చరిత్ర ఉంది. 90వ దశకం మొదట్లో కండలేరు ఉప్పుటేరు చుట్టుపక్కల టైగర్ రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వాటిని ఊడ్చిపెట్టింది. ముత్తుకూరు కళాశాల మొదలైన నాలుగేళ్ళకే, నాలుగేళ్ళ డిగ్రీ ఒక ఆవృతం పూర్తయ్యే వేళకే, చదువు దేనికోసమో ఆ పంటే కూలింది. ఆ వెంటనే 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో, తీర నియంత్రణ ప్రాంతంలో రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. పులికాట్, చిలికా సరస్సుల నుంచి వెయ్యి మీటర్ల లోపు కూడదంది. తాగునీళ్ళు ఉప్పగా మారడం, వరి పొలాలు చౌడు తేలడం, వేటకు పోయేవాళ్ళకు సముద్రానికి దారి మూసుకుపోవడం ఆ కేసులో వచ్చిన ఫిర్యాదులు. అవన్నీ చెరువు పక్కవాళ్ళ మాటలు. తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005లో వచ్చింది. 2009 నుంచి వనామీ వచ్చి తీరం మళ్ళీ కళకళలాడింది. చెరువు పక్క బోరు నీళ్ళ రుచి మాత్రం విద్యార్థి రికార్డులో ఇప్పటికీ ఒక గడి కాలేదు. రైతుకు మేలు జరిగిందా అని అడిగే పుస్తకం, ఊరికి ఏమైందని అడగడం నేర్చుకోవాలి.

ఇంజనీరింగు పిల్లల తరఫున

బీటెక్ వైపు కూడా న్యాయంగా చూడాలి. నాలుగో ఏడాది వచ్చేసరికి ఆ పిల్లల మనసు క్యాంపస్ ఎంపికల మీద ఉంటుంది. ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష పెడుతుంది, కోడింగు అడుగుతుంది, ప్రాజెక్టు పుస్తకం తెరవదు. తన వృత్తి ఏ పుస్తకాన్ని చదవదో ఆ పుస్తకం మీద నిద్ర కాయమనడం ఎంతవరకు సబబు? చెన్నైలోనో బెంగళూరులోనో ఎక్కడో పుట్టబోయే పనికి నెల్లూరులో కూర్చుని తయారయ్యేవాడికి రైతులాంటి మనిషి గేటు బయట ఎదురుచూస్తూ ఉండడు. ఒక గైడు చేతి కింద ఎన్నో బ్యాచ్‌లు ఉంటే ప్రతి కోడునూ నడిపి చూడటం కుదరదు.

కంప్యూటరు కూడా కాదనగలదని ఒక వాదన ఉంది. కోడు తప్పయితే కంపైలరు ఒప్పుకోదు, దాన్ని మాటలతో బుజ్జగించలేం. నిజమే. ఆ క్రమశిక్షణ చెరువు గట్టు మీద దొరకదు. కానీ కంపైలరు నడుస్తుందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. ఎవరికైనా కావాలా అన్నది దానికి తెలియదు. అమీర్‌పేటలో కొన్న కోడు కూడా చక్కగా నడుస్తుంది. నడవడం ఒక్కటే కొలత అయితే కొన్నవాడికే ఎక్కువ మార్కులు రావాలి.

బయటి మనిషి ఇంజనీరింగుకు దొరకడన్న మాట ప్రపంచంలో అంతటా నిజం కాదు. అమెరికాలో హార్వీ మడ్ కాలేజీ 1963 నుంచి క్లినిక్ అనే పద్ధతి నడుపుతోంది. కంపెనీ తన నిజమైన సమస్యను తెస్తుంది, కళాశాలకు రుసుము కడుతుంది, విద్యార్థుల జట్టు ఏడాదిపాటు దాని మీద పనిచేసి కంపెనీ మనిషికి జవాబు చెబుతుంది. డబ్బు కట్టినవాడు మర్యాద కోసం తలూపడు. చిన్న ఊళ్ళో అంత డబ్బు కట్టే కంపెనీ ఎక్కడిదని మనవాళ్ళు అడుగుతారు. నెల్లూరు తీరంలో ఆ మాట చెల్లదు. ఏరేటర్ల కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకునే రైతు, తెల్లవారుజామున డీఓ పడిపోతే ఫోనుకు కబురు రావాలని కోరుకునే రైతు, మేత రిజిస్టరు చేత్తో రాసి నెల చివర కూడలేక అవస్థపడే లీజుదారు అదే జిల్లాలో ఉన్నారు. సెన్సరు ఉప్పునీళ్ళలో వారానికే పాచి పట్టి తప్పు చెబుతుందన్న సంగతి ఏ బేస్ పేపరు చెప్పినా విద్యార్థి మనసుకు పట్టదు. గట్టు మీద ఒకసారి శుభ్రం చేస్తే పడుతుంది.

రాష్ట్రం ఈ లోపాన్ని పూర్తిగా చూడలేదని కాదు. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ సాధారణ డిగ్రీ కోర్సుల్లో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. సమాజ సేవా ప్రాజెక్టు కూడా అందులో భాగం. ఆక్వాకల్చర్ ఒక సబ్జెక్టుగా తీసుకున్న బీఎస్సీ విద్యార్థి హేచరీ గడప తొక్కడానికి ఇది దారి. దిశ సరైనదే. అయితే ఇంటర్న్‌షిప్‌ను సర్టిఫికెట్‌తో కొలిస్తే, ప్రాజెక్టుకు పట్టిన గతే దానికీ పడుతుంది. పని ఎవరికి చేశావు, వాళ్ళేమన్నారు అన్న ప్రశ్న లేనిచోట పది నెలలైనా పది రోజులైనా ఒకటే కాగితం.

తీర్పు

రెండు పుస్తకాల్లో ఏది గొప్పదంటే నాకు సందేహం లేదు. ముత్తుకూరు రికార్డు అచ్చులో ఇరుక్కున్నా, భాషలో తడబడినా, రచనగా మెరుగైనది. దానికి చోటు ఉంది, కాలం ఉంది, చావుల గడి ఉంది, అన్నిటినీ మించి కాదనే మనిషి ఉన్నాడు. బీటెక్ రిపోర్టుకు చక్కటి అట్ట, వరస తప్పని అధ్యాయాలు ఉన్నాయి. పాఠకుడు లేడు. మత్స్య విద్యార్థులు ఎక్కువ నిజాయితీపరులని నేననడం లేదు. వాళ్ళను అటూ ఇటూ కదలనివ్వకుండా పట్టుకున్న పరిస్థితి అలాంటిది. ఇంజనీరింగు పిల్లలను అదే పరిస్థితిలో పెడితే వాళ్ళ పుస్తకమూ మారుతుంది.

కాబట్టి మార్పును పిల్లల బుద్ధి గురించి ఉపన్యాసాలు దంచడంతో కాదు, మార్కుల పద్ధతితో మొదలుపెట్టాలి. వైవాలో కొన్ని మార్కులు పని ఎవరికోసం చేశారో ఆ మనిషి చేతిలో పెట్టాలి. ఆ మనిషి రైతైనా, దుకాణదారుడైనా, పీహెచ్‌సీ నర్సు అయినా సరే, ఎదురుగా కూర్చుని వాడి చూసి చెప్పాలి. టెస్టింగ్ అధ్యాయంలో ఫెయిల్ అని ఒక్క వరసా లేని రిపోర్టును వెనక్కి పంపాలి. ఒకే జిల్లాలో ఉన్న రెండు కళాశాలల పిల్లలను ఒకే చెరువు మీద ఒక పంటకాలం కలిపి పనిచేయించాలి. మత్స్య విద్యార్థి వల ఎక్కడ వేయాలో చెబుతాడు, సగటు ఎందుకు మోసం చేస్తుందో ఇంజనీరింగు విద్యార్థి చూపిస్తాడు. చెరువు పక్క ఇంటి ఇల్లాలిని కూడా పిలిచి బోరు నీళ్ళ సంగతి అడిగి, ఆ జవాబుకు ఆ పుస్తకంలో ఒక పేజీ ఇవ్వాలి.

ఇందులో ఏదీ కొత్త భవనం అడగదు, కొత్త చట్టం అడగదు. పరీక్షల విభాగం ఒక మనిషిని అదనంగా పిలవాలి, అంతే. ఆ ఒక్క మనిషిని పిలవడానికి ఏ కళాశాల వెనకాడుతుందో, అక్కడ ప్రాజెక్టు ఎలా జరుగుతోందో చెప్పడానికి వేరే ఎవరూ విమర్శ రాయనక్కర్లేదు.